మొహమాటం వదిలిన లాకర్ రూమ్

2024 నవంబరు 30న కొలంబస్‌లోని ఒహాయో స్టేడియంలో, గడ్డకట్టే చలిలో పై అంతస్తు బెంచీ మీద కూర్చుని, నేను చదువుకున్న ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆట రెండో సగమంతా ఒక్క పాయింటు కూడా సాధించలేకపోవడం చూశాను. ఎదుటి జట్టు మిషిగన్ ఆ ఏడాది అప్పటికే ఐదు ఆటలు ఓడి వచ్చింది. బంతిని విసిరి ఆటను నడిపించే దాని క్వార్టర్‌బ్యాక్ ఆ రోజు పాస్‌లతో సంపాదించినది 62 గజాలు మాత్రమే, పైగా రెండుసార్లు బంతిని మా వాళ్ళ చేతుల్లోకే విసిరాడు. దేశంలో రెండో ర్యాంకులో ఉన్న ఒహాయో స్టేట్ సుమారు 20 పాయింట్ల తేడాతో గెలుస్తుందని అందరూ లెక్కలు కట్టుకున్న ఆట అది. ముగియడానికి 45 సెకన్లు ఉందనగా మిషిగన్ కిక్కర్ 21 గజాల దూరం నుంచి బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్నాడు. 13-10తో ఓడిపోయాం. మిషిగన్ చేతిలో అది వరుసగా నాలుగో ఓటమి. మెట్లు దిగుతున్నంతసేపూ నా చుట్టూ వినిపించిన మాట ఒక్కటే: కోచ్‌ను తీసేయాలి.

ఎం.ఎస్. చదవడానికి కొలంబస్ వచ్చిన తొలి ఏడాది తోటి తెలుగు విద్యార్థులతో కలిసి టికెట్టు కొనుక్కుని వెళ్ళినప్పుడు ఈ ఆటలో నాకు ఏమీ అర్థం కాలేదు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు వెళ్ళాలన్న నియమం తెలియడానికే రెండు నెలలు పట్టింది. ఇన్నేళ్ళలో నన్ను ఈ ఆటకు కట్టిపడేసింది మాత్రం దాని నియమాలు కావు. పద్దెనిమిది నుంచి ఇరవై మూడేళ్ళ లోపు పిల్లలు నూరు మందికి పైగా ఒక జట్టుగా ఉంటారు. వాళ్ళు తరగతులకు వెళ్తారు, పరీక్షలు రాస్తారు, శనివారం నాడు లక్ష మంది ముందు ఆడతారు, ఆదివారం నాడు చీకటి గదిలో కూర్చుని తాము చేసిన ప్రతి తప్పునూ తెర మీద మళ్ళీ మళ్ళీ చూసుకుంటారు. ఒక్క ఓటమి ఏడాది శ్రమనంతా తుడిచిపెట్టగల ఆ చిన్న వయసు జట్టులో బాధ్యత ఎవరిది, దాన్ని ఎవరు ఎవరికి గుర్తు చేయాలి అన్నది నన్ను వదలని ప్రశ్న.

పేలవమైన ఆట తర్వాత బయటి ప్రపంచం రెండే అడుగుతుంది. మొదటిది కోచ్ తల, రెండోది ఆటగాడి క్షమాపణ. లక్షలాది డాలర్ల జీతం తీసుకునే కోచ్‌ను ప్రశ్నించడంలో తప్పేమీ లేదు. మైకు ముందు నిలబడి, కళ్ళు ఎర్రబడిన క్వార్టర్‌బ్యాక్ తప్పు నాదేనని చెప్పడం చూసినప్పుడు మన మనసు కొంత చల్లబడుతుందన్నదీ నిజమే. కానీ ఆ రెండూ జరిగిన చాలా జట్లు మళ్ళీ అలాగే ఓడాయి. జవాబుదారీతనం అనే మాటను మనం నిందను మోయడం అనే అర్థంలో వాడుకుంటున్నామని నా ఆరోపణ. నింద మోయడానికి ఒక్కరు చాలు. జవాబుదారీతనానికి కనీసం ఇద్దరు కావాలి: తోటివాడి ముఖం మీదే వాడి లోపాన్ని చెప్పగలిగినవాడు, ఆ మాటను విని నిలబడగలిగినవాడు.

ఈ పనికి అడ్డుపడే గుణానికి మన భాషలో చాలా కచ్చితమైన పేరుంది. అది మొహమాటం. నేను ఇంజనీరింగ్ చదివిన రోజుల్లో మా కళాశాల వాలీబాల్ జట్టుకు కెప్టెన్‌గా ఉన్నాను. అంతర్ కళాశాలల పోటీలకు ముందు పది రోజులపాటు మా జట్టులో అందరికంటే ఎత్తుకు ఎగిరి కొట్టే సీనియర్ ఒకరు సాధనకు రాలేదు. ఆయన రావడం లేదని అందరికీ తెలుసు. ఆయనను అన్నా అని పిలిచేవాళ్ళం కాబట్టి, పైగా ఆయన లేకపోతే గెలవలేమన్న భయం ఉంది కాబట్టి, ఒక్కరమూ నోరు విప్పలేదు. సెమీ ఫైనల్లో ఆయనకూ, ఆయనకు బంతి అందించాల్సిన జూనియర్‌కూ సమయం కుదరక వరుసగా పాయింట్లు పోగొట్టుకుని ఓడిపోయాం. తిరిగి వస్తున్న బస్సులో ఎవరూ మాట్లాడలేదు. మర్నాడు క్యాంటీన్‌లో మాత్రం అందరూ మాట్లాడారు, ఆ ఇద్దరూ లేనప్పుడు. తర్వాతి పోటీకి జట్టు జాబితా వేసినప్పుడు సీనియర్ పేరు ఉంది, జూనియర్ పేరు లేదు. ఆ కుర్రవాడు ఆ సంగతి నోటీసు బోర్డు చూసి తెలుసుకున్నాడు. కెప్టెన్‌ని నేను. ఆ సీనియర్‌తో ముందే ఒక్క మాట అనివుంటే ఏమయ్యేదో గాని, ఆ జూనియర్‌కు నేను చేసింది అన్యాయమని మాత్రం ఆ రోజే తెలుసు. మొహమాటపడే జట్టులో తప్పులకు శిక్షలు లేకుండా పోవు. అవి బలహీనుడి మీద, చాటుగా పడతాయి.

అందుకే అదే 2024లో, నోటర్ డామ్ విశ్వవిద్యాలయం ఉన్న సౌత్ బెండ్‌లో జరిగినదాన్ని ప్రత్యేకమైన ఆసక్తితో గమనించాను. నోటర్ డామ్ జట్టు ఆగస్టు 31న టెక్సస్ ఏ అండ్ ఎమ్ మీద వాళ్ళ మైదానంలోనే 23-13తో గెలిచి వచ్చింది. వారం తిరిగేసరికి, సెప్టెంబరు 7న, సొంత ఊళ్ళో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో 16-14తో ఓడింది. అది నోటర్ డామ్ సుమారు 28 పాయింట్ల తేడాతో గెలుస్తుందని అంచనాలు వేసిన ఆట. డ్యూక్ విశ్వవిద్యాలయం నుంచి ఆ ఏడాదే వచ్చిన క్వార్టర్‌బ్యాక్ రైలీ లెనర్డ్ రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే రెండుసార్లు బంతిని ఎదుటివాళ్ళ చేతుల్లోకి విసిరాడు. వాటిలో రెండోది నాలుగో క్వార్టర్లో, ఒక పాయింటు ఆధిక్యంలో ఉండి నింపాదిగా గడియారాన్ని నడిపిస్తే సరిపోయే దశలో దూరంగా విసిరిన బంతి. ఆట ముగిశాక లెనర్డ్ విలేకరుల ముందుకు వచ్చి తప్పును తన మీద వేసుకున్నాడు. అది మర్యాద. తర్వాతి శనివారం పర్డ్యూ మీద 66-7తో గెలిచిన ఆటలో భుజం మీద నమ్మకం ఇంకా పూర్తిగా కుదరని ఆ కుర్రవాడు కాళ్ళను నమ్ముకుని, దెబ్బలకు ఎదురెళ్ళి పరుగెత్తాడు. అక్కడి నుంచి ఆ జట్టు వరుసగా 13 ఆటలు గెలిచింది. జాతీయ ఫైనల్ మొదటి దఫాలో నోటర్ డామ్ 18 ప్రయత్నాలతో, దాదాపు పది నిమిషాలు బంతిని వదలకుండా మైదానం పొడవునా నడిచినప్పుడు వాటిలో సగం లెనర్డ్ పరుగులే. బంతితో చివరి గీత దాటి టచ్‌డౌన్ చేసి పక్కకు వచ్చి వాంతి చేసుకున్నాడు. అతడు సెప్టెంబరులో చెప్పిన మాట ఎంత నిజమో నాకు జనవరిలో ఆ దృశ్యం చూశాక తెలిసింది.

ఈ విషయం మీద ఎవరు మాట్లాడినా ఫ్లోరిడా విశ్వవిద్యాలయం క్వార్టర్‌బ్యాక్ టిమ్ టీబో ప్రసంగాన్ని తలచుకుంటారు. 2008 సెప్టెంబరు 27న ఫ్లోరిడా జట్టు గెయిన్స్‌విల్‌లో మిసిసిపీ చేతిలో 31-30తో ఓడింది. చివర్లో నాలుగో ప్రయత్నంలో ఒక్క గజం కావలసి ఉండగా టీబోను ఆపేశారు. అంతకు ముందు ఏడాదే దేశంలో మేటి కళాశాల ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలుచుకున్న అతడు విలేకరుల ముందు క్షమాపణ చెప్పి, ఈ సీజన్ మిగతా భాగంలో తనకంటే కష్టపడి ఆడే ఆటగాడిని, తమకంటే కష్టపడి ఆడే జట్టును ఎవరూ చూడబోరని మాట ఇచ్చాడు. ఆ తర్వాత ఫ్లోరిడా ఆడిన ప్రతి ఆటనూ కనీసం పది పాయింట్ల తేడాతో గెలిచి, ఓక్లహోమా మీద 24-14తో జాతీయ టైటిల్ సాధించింది. ఆ మాటలను పలక మీద చెక్కించి స్టేడియం దగ్గర పెట్టారు.

ఆ పలక మీద నాకు గౌరవం ఉంది. అయితే దాని వల్ల ఒక నష్టం కూడా జరిగింది. ఓడిన ప్రతి కెప్టెనూ ఒక ప్రసంగం బాకీ ఉన్నాడని అభిమానులు అనుకోవడం మొదలుపెట్టారు, ఆటగాళ్ళూ అదే నమ్ముతున్నారు. టీబో మాటకు బరువు వచ్చింది అతడి గొంతు వణికినందుకు కాదు. జట్టులో ఎవరూ అతడిని నువ్వు ఎప్పుడు కష్టపడ్డావని అడగలేరు కాబట్టి. ఆ వాక్యంలో మొదట తనను పెట్టుకుని, తర్వాతే జట్టు పేరు ఎత్తాడు. ఆ వరుసలో ఉన్న మర్మం తెలియక, ఆదివారం నాడు బరువులెత్తే గదికి ఆలస్యంగా వచ్చే ఆటగాడు శనివారం రాత్రి అలాంటి ప్రసంగం చేస్తే లాకర్ రూమ్ పైకి ఏమీ అనదు, లోపల నవ్వుకుంటుంది.

కోచ్‌లు కాకుండా ఆటగాళ్ళే ఈ పని ఎందుకు చేయాలన్నదానికి కారణం కూడా చాలా మామూలుది. సీజన్‌లో కోచ్‌ల ఆధ్వర్యంలో జరిగే సాధన వారానికి 20 గంటలకు మించకూడదని నిబంధన ఉంది. మిగతా వేళల్లో ఎవరు ఎంతసేపు నిద్రపోయారు, ఎవరు గాయాన్ని దాస్తున్నారు, ఎదుటి జట్టు వీడియోలను ఎవరు చూశారు, ఎవరు చూశామని అబద్ధమాడారు అన్నవి పక్క గదిలో ఉండే తోటి ఆటగాడికే తెలుస్తాయి. వేసవిలో కోచ్‌లు మైదానంలో లేని రోజుల్లో పదకొండు మందిని పోగుచేసి పాస్‌లు సాధన చేయించేది సీనియర్లే. బెంచీ మీదికి పంపిస్తానని కోచ్ బెదిరించగలడు. నా పక్కన నిలబడడానికి నువ్వు తగవు అని చెప్పగలిగేది పక్కన నిలబడేవాడొక్కడే, ఆ మాట తగిలే చోటు వేరు.

ఇక మళ్ళీ కొలంబస్‌కు వస్తాను. మిషిగన్ ఆట ముగిసిన నిమిషంలోనే గెలిచినవాళ్ళు మైదానం మధ్యలో తమ జెండా పాతబోయారు, మా వాళ్ళు అడ్డుపడ్డారు, తోపులాట పెరిగి పోలీసులు మిరియాల స్ప్రే కొట్టవలసి వచ్చింది. కెప్టెన్లలో ఒకడైన జాక్ సాయర్ ఆ జెండాను కర్ర నుంచి ఊడబెరికాడు. కొలంబస్ పక్కనే ఉన్న పికరింగ్‌టన్‌లో పుట్టి పెరిగిన కుర్రవాడి కోపం నాకు అర్థమైంది, ఆ క్షణంలో నేనూ లేచి నిలబడి అరిచాను. అయినా అది నాయకత్వం కాదని ఇప్పటికీ అంటాను. ఆట ఓడిపోయిన తర్వాత జెండాను కాపాడుకోవడం తేలిక. అంతకు ముందు మూడు గంటలపాటు బంతితో 26సార్లు పరుగెత్తి 77 గజాలకు మించి వెళ్ళలేకపోయిన జట్టు తన ముఖం తాను చూసుకోవడం కష్టం.

ఆ ఓటమితో మా జట్టు ఆడే లీగ్ బిగ్ టెన్ టైటిల్ ఆట చేజారింది. జాతీయ టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్‌లో మాత్రం చోటు ఉంది, అందులో తొలి ఆటకు మూడు వారాల వ్యవధి దొరికింది. ఆ మధ్యలో ఒక రోజు జట్టంతా కూర్చుని, కోచ్ రయన్ డే కూడా ఉండగా, మనసులో ఉన్నది దాచుకోకుండా మాట్లాడుకున్నామని ఆటగాళ్ళే ఆ తర్వాత చెప్పారు. ఆ గదిలో ఎవరు ఎవరిని ఏమన్నారన్నది వాళ్ళ సొత్తు. నాకు ముఖ్యం అనిపించేది ఆ గదిలో మాట్లాడే హక్కు ఎవరికి ఉందన్నది. సాయర్, ఎమేకా ఎగ్బూకా, ట్రెవేయాన్ హెండర్సన్, జేటీ టుయిమొలోవావు, డెంజల్ బర్క్, డానవన్ జాక్సన్ వంటివాళ్ళు ముందు ఏడాదే వృత్తి క్రీడల్లోకి వెళ్ళిపోగలిగి ఉండి కూడా, మిషిగన్‌ను ఒక్కసారైనా ఓడించకుండా వెళ్ళకూడదని ఆగిపోయినవాళ్ళు. ఆ కోరిక తీరకుండానే వాళ్ళ చివరి అవకాశం పోయింది. పోగొట్టుకున్నది అందరికంటే ఎక్కువ వాళ్ళే కాబట్టి వాళ్ళు గట్టిగా అడిగినప్పుడు, ఆ ఏడాదే అలబామా నుంచో కాన్సస్ స్టేట్ నుంచో వచ్చిన ఆటగాడైనా, హైస్కూలు వదిలి ఏడాది కాని పద్దెనిమిదేళ్ళ కుర్రవాడైనా వినక తప్పదు. హక్కు ఇచ్చింది కెప్టెన్ అన్న బిరుదు కాదు. ముందే చెల్లించిన మూల్యం.

డిసెంబరు 21న టెనసీ మీద 42-17. జనవరి 1న రోజ్ బౌల్‌లో, అక్టోబరులో తమను 32-31తో ఓడించిన ఆరెగన్ మీద 34-0 దాకా ముందుకెళ్ళి 41-21. జనవరి 10న కాటన్ బౌల్‌లో టెక్సస్ మీద 28-14. ఈ మూడో ఆటలో అందరికీ గుర్తుండేది ఒకటే: నాలుగో ప్రయత్నంలో సాయర్ టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఎవర్స్ చేతిలోంచి బంతిని కొట్టి, పట్టుకుని, 83 గజాలు పరుగెత్తాడు. ఒకప్పుడు ఒహాయో స్టేట్‌లో ఆ ఇద్దరూ ఒకే గదిలో ఉన్నవాళ్ళు. నేను మాత్రం దాని ముందటి మూడు ప్రయత్నాలను చాలాసార్లు చూశాను. టెక్సస్ ఒక్క గజం దూరంలో ఉంది. ఆ గజం ఇవ్వకుండా ఆపి, పక్కకు తీసిన పరుగును ఏడు గజాలు వెనక్కి నెట్టి, ఎనిమిది గజాల దూరంలోకి తోసినవాళ్ళు వేరు. వాళ్ళు అంతా చేశాకే సాయర్ పరుగు సాధ్యమైంది. ఆ వరుసలో ఎవరూ పక్కవాడు చూసుకుంటాడని నిలబడలేదు. ఆరు వారాల క్రితం మిషిగన్ మీద, ఆట చివర్లో, ఇదే డిఫెన్స్ గజం గజంగా వెనక్కి తగ్గింది.

ఇదంతా ఒక సమావేశం చేసిన మహిమ అని నేను వాదించడం లేదు. కోచ్‌లు కూడా మారారు. మిషిగన్ మీద గోడకు తల కొట్టుకున్నట్టు మధ్యలోంచే పరుగులు తీయించినవాళ్ళు, ఆ తర్వాత జెరమాయా స్మిత్ లాంటి అసాధారణమైన ఆటగాడికి బంతిని స్వేచ్ఛగా విసిరించారు. ఆ జట్టు మీద ఆ ఏడాది సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చయిందని విశ్వవిద్యాలయం అథ్లెటిక్ డైరెక్టరే చెప్పారు కాబట్టి, ప్రతిభ కొదవ అన్న మాటే లేదు. కానీ అదే ప్రతిభ, అదే డబ్బు నవంబరు 30న కూడా ఉన్నాయి. ఇంకో వైపు ఫ్లోరిడా స్టేట్‌ను చూడండి. 2023లో వరుసగా 13 ఆటలు గెలిచిన ఆ జట్టును ప్లేఆఫ్‌కు ఎంపిక చేయలేదు. చాలామంది ఆటగాళ్ళు తప్పుకున్న ఆరెంజ్ బౌల్ అనే ఆటలో జార్జియా చేతిలో 63-3తో ఓడింది. ఆ జట్టు నుంచి పది మంది ఒకేసారి, వృత్తి జట్లు ఆటగాళ్ళను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వెళ్ళిపోయారు. మొదటి పది ర్యాంకుల్లో ఉండి 2024 సీజన్ మొదలుపెట్టి, 2 గెలుపులు, 10 ఓటములతో ముగించింది. ఆటగాళ్ళను బదిలీల ద్వారా ఒక్క శీతకాలంలో తెచ్చుకోవచ్చు. ఒకరినొకరు మందలించుకునే చనువు అలా రాదు. అది కలిసి ఓడిన ఆటల్లోంచి, కలిసి గడిపిన వేసవుల్లోంచి వస్తుంది.

డబ్బు గురించి ఇంకొక్క మాట చెప్పాలి, ఎందుకంటే నా స్నేహితులు చాలామంది ఇక్కడే నాతో విభేదిస్తారు. 2021 జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు. 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే నేరుగా డబ్బు పంచవచ్చు, మొదటి ఏడాది దాని పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. జీతం తీసుకుంటున్నప్పుడు తిట్లు కూడా తినాలి కదా అని వాళ్ళ వాదన. నేను ఒప్పుకోను. డబ్బు తీసుకున్న ఆటగాడు తన పనికి జవాబు చెప్పాలి, నిజమే. ఆ జవాబు తోటి ఆటగాళ్ళకు, కోచ్‌లకు, తనకు చెప్పుకోవాలి. అర్ధరాత్రి పందెం డబ్బు పోగొట్టుకుని ఇరవై ఏళ్ళ పిల్లవాడి ఫోన్‌కు శాపనార్థాలు పంపేవాడికి ఆ జవాబులో వాటా లేదు. టికెట్టు కొన్నందుకు నాకు నిరాశపడే హక్కు వచ్చింది, గట్టిగా విమర్శించే హక్కు వచ్చింది, ఆ పిల్లవాడిని అవమానించే హక్కు రాలేదు. పైగా బయటి అవమానం జట్టు లోపలి జవాబుదారీతనాన్ని దెబ్బ తీస్తుంది. ఊరంతా ఒకడి మీద పడినప్పుడు తోటివాళ్ళు వాడిని కాపాడే పనిలో పడతారు, నిజం చెప్పే పని వాయిదా పడుతుంది.

మిషిగన్ ఆటలో అలా ఊరంతా మీద పడినవాళ్ళలో కిక్కర్ జేడెన్ ఫీల్డింగ్ ఒకడు. 34 గజాల నుంచి ఒకటి, 38 గజాల నుంచి ఒకటి, బంతిని స్తంభాల మధ్యకు తన్నితే మూడేసి పాయింట్లు వచ్చే ఫీల్డ్ గోల్స్ రెండు తప్పాడు. మూడు పాయింట్ల తేడాతో ఓడిన ఆటలో ఆరు పాయింట్లు అక్కడే పోయాయి. పై అంతస్తు నుంచి అతడిని ఏమేమి అన్నారో నా చెవులతో విన్నాను. మా కళాశాల జూనియర్‌కు మేం చేసినట్టే, చాటుగా ఒక జాబితాలోంచి పేరు తీసేయడం ఒహాయో స్టేట్‌కు చాలా సులభం. వాళ్ళు తీసేయలేదు.

2025 జనవరి 20న అట్లాంటాలో జాతీయ ఫైనల్ జరిగింది. సెప్టెంబరులో నార్తర్న్ ఇల్లినాయ్ చేతిలో ఓడిన జట్టుకూ, నవంబరులో మిషిగన్ చేతిలో ఓడిన జట్టుకూ మధ్య. ఒహాయో స్టేట్ 31-7 ఆధిక్యంలోకి వెళ్ళింది, నోటర్ డామ్ తగ్గలేదు, నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా తేడా ఎనిమిది పాయింట్లకు వచ్చింది. బంతి తిరిగి లెనర్డ్ చేతికి వెళ్తే సమం చేయవచ్చు. మూడో ప్రయత్నంలో 11 గజాలు కావలసి ఉండగా, మిషిగన్ మీద రెండు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చిన మా క్వార్టర్‌బ్యాక్ విల్ హవర్డ్ భయపడకుండా జెరమాయా స్మిత్‌కు 56 గజాల పాస్ విసిరాడు. కొద్దిసేపటికి, 26 సెకన్లు మిగిలి ఉండగా, ఆటను నోటర్ డామ్‌కు అందకుండా చేయడానికి 33 గజాల ఫీల్డ్ గోల్ అవసరమైంది. నవంబరులో తప్పిన దూరానికి ఒక్క గజం తక్కువ. నేను ఇంట్లో టీవీ ముందు నిలబడే ఉన్నాను. ఫీల్డింగ్ నడుచుకుంటూ మైదానంలోకి వచ్చాడు, మూడడుగులు వెనక్కి వేసి, బంతిని స్తంభాల మధ్యకు తన్నాడు.